దుమ్ములో వచ్చిన మనిషి

టూసాన్ నుంచి చాండ్లర్ వచ్చే ఎడారి హైవే మీద, పట్టపగలు, దుమ్ము గోడలా లేచి మీదికి ముంచుకొచ్చింది.

సూర్యుడు ఇటుక రంగుకి తిరిగాడు. కాసేపటికి అదీ లేదు.

సంహిత ఎలాగో కారుని రోడ్డు పక్కకి దించి ఆపింది.

"వెనకనించి ఎవడైనా గుద్దేస్తాడు తల్లీ! నాలుగు లైట్లూ వెయ్యి," అంది పక్కసీట్లోంచి అత్తగారు జ్ఞానప్రసూన. "పొగమంచులో మీ మామయ్యగారు అలాగే వేసేవారు."

సంహిత హజార్డ్ లైట్లు వేసింది. అవి టిక్కుటిక్కుమంటుంటే ప్రాణం కాస్త కుదుటపడింది.

వేడిగాలి ఇసుకని అద్దాలకేసి కొడుతోంది. ఏసీలోంచి కూడా మట్టివాసనే.

ఇంతలో ఎవరో అద్దం మీద దబదబా బాదారు.

ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి.

ఒక మనిషి. ముక్కుకీ నోటికీ గుడ్డ. ఒళ్లంతా దుమ్ము. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"లైట్స్ ఆఫ్! టర్న్ దెమ్ ఆఫ్!"

"ఏమంటున్నాడే?"

"లైట్లు ఆర్పమంటున్నాడు అత్తయ్యా."

"ఎందుకూ, చీకట్లో దోచుకోడానికా? ఆర్పకు. తలుపులు లాక్ చెయ్యి."

సంహిత లాక్ చేసింది. "గో అవే!" అని అరిచింది.

అతనూ ఏదో అరిచాడు. గాలి ఎత్తుకుపోయింది. అరచెయ్యి అద్దానికి ఆనించి ఒక్క క్షణం వాళ్లనే చూసి, కారు వెనక్కి వెళ్లాడు.

ఠాప్.

మళ్లీ ఠాప్.

"బాబోయ్, కారు పగలగొడుతున్నాడు!"

సంహిత పోలీసుల కోసం 911కి కాల్ చేసింది. ఆ నీడ కారు పక్కనుంచి ముందుకి నడిచి దుమ్ములో కలిసిపోయింది.

కాసేపటికి ఏదో పెద్దబండి హోరున పక్కనుంచే దూసుకుపోయింది. కారు ఊగిపోయింది. ముందెక్కడో ఒక్కటే చప్పుడు. తర్వాత గాలి తప్ప ఏమీ లేదు.

దుమ్ము తగ్గాక పోలీసు ఆఫీసర్ వచ్చాడు. సంహిత పగిలిన వెనక లైట్లు చూపించింది.

"వాణ్ణి పట్టుకోండి ఆఫీసర్!"

ఆయన వాటికేసి చూసి అడ్డంగా తల ఊపాడు.

"దుమ్ములో ఆగితే ఇక్కడ లైట్లన్నీ ఆర్పేస్తాం మేడమ్. లేకపోతే రోడ్డు అటే ఉందనుకుని వెనకవాళ్లు నేరుగా వచ్చి గుద్దేస్తారు. ఇవి వెలుగుతూ ఉంటే ఇందాక మీ పక్కనుంచి పోయిన ట్రక్ మీ మీదికే వచ్చేది."

సంహిత కారుకేసి తిరిగింది. అద్దం మీద అరచేతి ముద్ర ఇంకా అలాగే ఉంది.

"ఆయన... ఆయన ఎక్కడున్నారు?"

ఆఫీసర్ ముందుకి చూపించాడు.

అక్కడొక వ్యాన్. లోపల పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాన్ని ఒరుసుకుని ట్రక్ ఆగి ఉంది.

వ్యాన్ వెనక ఒక లైటు పగిలి ఉంది, రెండోది ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది, దాని కింద కప్పిన దుప్పట్లోంచి బయటికొచ్చిన చేతిలో రాయి అలాగే ఉంది.