రంగు కనబడని వాన

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: మిల్లుకు పోని నాన్న నరహరి, కూలికి చీరకు మెరుపు రాళ్లంటిస్తున్న అమ్మ సుమన, పుండ్లు పడిన కాళ్లకు మందు రాయించుకుంటున్న తమ్ముడు ఫణి, ఆ మందు రాస్తున్న నీరజ. తలుపు చప్పుడుకు అందరూ మాట ఆపేశారు.

“ఎదురింటాయనే. నేను లేనని చెప్పు,” అని నాన్న బీరువా వెనక్కు పోయాడు.

ఎదురింట్లో కొత్తగా దిగిన వరప్రసాద్ వాన పడితే చాలు, గొడుగేసుకుని వాళ్లుండే కోసాడ్ కాలనీ పక్కనున్న వాననీటి కాలువలో సీసాలు ముంచేవాడు. నీళ్ల పరీక్ష అనేవాడు. ఎవరి తరఫునో అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నాన్న పనిచేసే, బట్టలకు రంగులద్దే మిల్లు వానలోనే మురుగు వదులుతుందని, అది ఆ కాలువలోనే పారుతుందని కాలనీలో అందరికీ తెలుసు.

“సర్కారోడే. మిల్లు బంద్ చేపిస్తడు,” అన్నాడు నాన్న బీరువా వెనక నుంచి.

“కానియ్. ఆ నీళ్లల్ల దిగే కదా పిలగాని కాళ్లు గిట్లయినయి,” అంది అమ్మ.

“నీ రాళ్లతోని ఇల్లు నడుస్తదా?”

నీరజ తలుపు తీసి, నాన్న లేడని చెప్పింది. అప్పుడే నాన్న తుమ్మాడు. వరప్రసాద్ విననట్టే నవ్వి, తాను ఊళ్లో లేనప్పుడు కాలువ నీళ్లు పట్టి ఉంచమని అడిగాడు. ఎంత వానకు ఎంత రంగు వచ్చిందో కూడా చెప్పాలట. నీరజ ఫణి కాళ్లవైపు చూసి తలూపింది.

నాన్నకు తెలియకుండా సీసాలు నింపసాగింది. తుంపరలో నీళ్లు చిక్కటి ఎరుపు. వాన పెరిగితే పలచని గులాబీ. వరప్రసాద్ ప్రతి సీసానూ వెలుతురులో తిప్పి చూసి మెచ్చుకునేవాడు. ఇది ఆగుతుందా అని ఒకసారి ధైర్యం చేసి అడిగితే, త్వరలో తేలిపోతుందన్నాడు.

ఆమె చున్నీకి అంటిన ఎరుపు నాన్న కంట పడింది. ఆయన తిట్టలేదు.

“మన కూటికే ఎసరు పెడుతున్నవా బిడ్డా?”

ఆ రాత్రి నీరజకు అన్నం సహించలేదు. అయినా మళ్లీ మబ్బు పట్టగానే సీసా తీసింది.

ఈసారి కుండపోత. కాలువలో ముంచి తీస్తే నీళ్లు తేటగా ఉన్నాయి. మిల్లువాళ్లు భయపడి మురుగు ఆపేశారనుకుంది. ఇక నాన్న పనీ పోదు, ఫణి కాళ్లూ మానతాయి. తడిసిన బట్టలతోనే మెట్లెక్కి వరప్రసాద్‌కు సీసా అందించింది.

అతను దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చాలాసేపు చూశాడు. మొదటిసారి గట్టిగా నవ్వాడు.

“నాకు కావలసింది ఇదే. ఇక నువ్వు రానక్కర్లేదమ్మా.”

ఆమె ఏదో అడగబోయేలోగా తలుపు వేసేశాడు. లోపల ఫోన్‌లో అతని గొంతు వినిపించింది.

“ఇంత వానలో రంగు కనబడదు సేఠ్, మీ మిల్లు మురుగు మొత్తం వదిలేయండి.”