కొసరుకు ఏ దేశ చట్టం?

కాకరకాయలు కొనాలన్నా ముందు ఏ దేశ చట్టం కింద కొంటున్నామో తక్కెడకు చెప్పాల్సిన రోజులొచ్చాయి. వర్ధనమ్మ ఎప్పట్లాగే స్విట్జర్లాండ్ అంది. పక్కింటావిడా అదే వాడుతుంది మరి. కూరగాయల అప్పన్నతో బేరం కుదిరి కాయలు సంచిలో పడ్డాయి.

“కాస్త కరివేపాకు కొసరు వెయ్యి, అప్పన్నా.”

తక్కెడ కయ్యిమంది. “స్విస్ చట్టంలో కొసరు లేదు.”

“అయితే ఇంగ్లండు పెట్టు.”

“అక్కడ ప్రతిఫలం లేకుండా ఇస్తానన్న మాట చెల్లదు.”

“పోనీ మన దేశానిదే పెట్టవే తల్లీ!”

“పెట్టాను. వాయిదా పడింది.”

వర్ధనమ్మకు ఒళ్లు మండిపోయింది. కరివేపాకు లేని పులుసు ఇంట్లో ఎవరు ముడతారు? అప్పన్న అటూ ఇటూ చూసి, తక్కెడ మీద తడి గోనెపట్టా కప్పేసి, గుప్పెడు రెబ్బలు ఆవిడ సంచి అడుక్కి తోసేశాడు.

“ఇది ఏ దేశం చట్టంరా?” అందావిడ మురిసిపోతూ.

“గట్టిగా అనకండమ్మగారూ, స్మగ్లింగు.”