‘ఏ’ తర్వాత ఏది?

“ ‘ఏ’ తర్వాత ఏది?” అడిగారు విశ్వేశ్వరరావు గారు.

“ఎస్,” అంది అంజమ్మ తడుముకోకుండా.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. “సరిగ్గా విను. ‘ఏ’ తర్వాత.”

“ఎస్సే సార్.”

“పోనీ, ‘బీ’ తర్వాత?”

“ఎన్.”

“అన్నిటికంటే ఆఖరిది?”

“ఎమ్.” అంజమ్మ మొహంలో సందేహమన్నది మచ్చుకైనా లేదు.

విశ్వేశ్వరరావు గారు కలానికి మూత పెట్టేశారు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో, నాలుగో అంతస్తు కంపెనీకి ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే పెద్ద ఆయన. కాకినాడలో గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన మనిషి. మాటంటే మాటే. ఆఫీసు ఊడ్చి తుడిచే అంజమ్మ, “మోకాళ్ళు వంగుతలేవు సార్, కూసుని చేసే పనేదన్న ఇయ్యిండ్రి” అని మొత్తుకుంటే, “ఏడాదిలో ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ నేర్చుకురా, ఉత్తరాల గదిలో వేస్తాను” అని మాటిచ్చింది ఆయనే. ఆ గడువు ఇవాళ్టితో సరి; పరీక్ష కూడా ఆ గదిలోనే. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని అంతస్తంతా హడలిపోతుంటే, అంజమ్మకి మాత్రం ఈ పరీక్ష ఒక్కటే బెంగ. మోకాళ్ళు పట్టేసిన మనిషితో తనకి కుదరదని, ఊడ్చేవాళ్ళని పెట్టే కాంట్రాక్టరు అప్పుడే తేల్చి చెప్పేశాడు. ఈ కుర్చీ దొరక్కపోతే ఆమె ఖాజాగూడలో ఇంట్లో కూర్చోవాల్సిందే.

“ఏడాది టైమిచ్చానమ్మా,” అన్నారాయన నీరసంగా. “చిన్నపిల్లలు నెల్లాళ్ళలో నేర్చుకుంటారు.”

“నేర్చిన సార్! ఇరవై ఆరు ఒస్తయ్ నాకు. రెండు వారాలకొక్కటి. ఒక్కటి తప్పలే. చలిజరమొచ్చిన నాడు సుత ఇడిసిపెట్టలే.” అంజమ్మ అరచెయ్యి చాపి చూపించింది. “గీడ పెన్నుతోని రాసుకునుడు, క్యాంటీన్ల ఎవలన్న కనవడితే ‘ఇదేంది బిడ్డా’ అని అడుగుడు. ఇగ రెండు వారాలు గదే అచ్చరం. తడిబట్టతోని బండల మీద, పొయ్యి కాడ బూడిదల, బస్సు అద్దం మీద.”

“అన్నిరోజులూనా?”

“నడిమిట్ల యాష్టకొచ్చింది సార్. పన్నెండు అయినంక ఇగ నాతోని కాదనుకున్న. పన్నెండు ఒచ్చినదానికి ఇంకొక్కటి రాదా అని మల్ల పట్టిన. గట్లనే ఒక్కొక్కటి.”

“అన్నీ వస్తే ఈ తలాతోకా లేని జవాబులేంటి మరి?”

అంజమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఉన్నదున్నట్టే చెప్పింది, తప్పెక్కడ జరిగిందో అంతుబట్టడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలవంచుకుంది.

ఆడమనిషి ఏడిస్తే విశ్వేశ్వరరావు గారికి చేతులాడవు. ఏం చెయ్యాలో తోచక, పక్కనున్న ఉత్తరాల బుట్టలోంచి ఒక కవరు తీసి ఆమె ముందు పెట్టారు. “సరే, ఇదేంటో చెప్పు చూద్దాం.”

అంజమ్మ కళ్ళు తుడుచుకుని వేలు పెట్టింది. “ఆర్... ఓ... హెచ్... ఐ... టీ.”

ఆయన ఉలిక్కిపడ్డారు. అది రోహిత్‌కి వచ్చిన ఉత్తరం. ఇంకో కవరు తీశారు.

“హెచ్, ఏ, ఆర్, ఎస్, హెచ్, ఐ, ఎన్, ఐ.”

హర్షిణి! అక్షరం పొల్లుపోలేదు. “ఏ అరలో వేస్తావు దీన్ని?”

గోడకున్న చెక్క అరల దగ్గరికి నడిచి, ‘హెచ్’ అని రాసున్న దాంట్లో పడేసింది అంజమ్మ. ఆయన ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూనే ఉన్నారు, ఆమె వేస్తూనే ఉంది. బుట్ట ఖాళీ అయింది. ఆయన లేచి వెళ్ళి అరలన్నీ తడిమి చూసుకున్నారు. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. మునుపు ఆ గదిలో పనిచేసిన డిగ్రీ పాసైన పెద్దమనిషి కూడా ఏనాడూ ఇంత శుభ్రంగా సర్దిన పాపాన పోలేదు.

“ఉత్తరం చేరాల్సిన చోటికి చేరితే చాలు. వరుస ఎవడిక్కావాలి!” అన్నారు విశ్వేశ్వరరావు గారు. “రేపట్నించీ ఈ కుర్చీ నీదే అంజమ్మా.”

అంజమ్మ, ఎదురుగా పెద్దమనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయి, ఆ కుర్చీలో కూలబడింది. ఏడాదిగా బిగబట్టుకున్న ఊపిరి ఒక్కసారిగా వదిలింది. తప్పయిపోయిందని నాలిక కరుచుకుని లేవబోతే, “కూర్చో, కూర్చో” అన్నారాయన. నిజానికి ఆమెకంటే ఆయనకే ఎక్కువ హాయిగా ఉంది. మాట మీద నిలబడబోయి ఒక మనిషి పొట్ట కొట్టాల్సి వస్తుందేమోనని పొద్దుట్నించీ ఆయనకి టిఫిను కూడా సహించలేదు.

కానీ అనుమానం మాత్రం తీరలేదు. “నువ్వు నేర్చుకున్నావే, అదే వరుసలో మొదట్నించీ ఒక్కసారి చెప్పమ్మా, వింటాను.”

అంజమ్మ లేచి, బడిపిల్లలా చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుంది. “క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై, యూ, ఐ...”

“ఆగాగు! ఇదెక్కడి వరుస? ఎవరు చెప్పారు నీకు?”

“ఎవలు చెప్పుడేంది సార్? దినాం తుడుస్త కద, కంప్యూటర్ల ముంగటి బటన్ల పలకలు... అన్నిటి మీద ఇంగ్లీషోళ్ళు గిదే వరుసల రాసి పెట్టిండ్రు!”