గోడమీద లేని తేదీ

“ఈ గుర్రానికి పదిహేనో రోజుకే స్కానింగు చేయిస్తారు. నిరుడు నాకు కడుపు పోతే ఒక్క పూటన్నా సెలవిచ్చారా?” నీళ్ల బకెట్లు మోస్తూనే లాయం పనిమనిషి యజమానిని నిలదీసింది.

గుర్రాల డాక్టరమ్మ స్కానింగు తెర చూస్తూ చెప్పింది. “చూలు నిలిచింది. కవలలు కావు, ఒక్కటే. దీన్ని బాగా చూసుకోండి.”

“మహారాణి!” పనిమనిషికి కడుపు మండిపోయింది.

“నోరులేని జీవి మీద పడి ఏడుస్తావేంటే?” అన్నాడు యజమాని.

“నోరుండి నాకేం ఒరిగిందయ్యా?”

డాక్టరమ్మ ఆమె పొట్టకేసి చూసింది. “మళ్లీనా? ఎన్నో నెలమ్మా?”

ఆమె వేళ్లు మడిచి లెక్క తేలక ఆగిపోయింది. ఈ గుర్రాన్ని మగగుర్రంతో దాటించిన తేదీని లాయం గోడమీద రాసింది తనే. తన తేదీ ఎవరూ రాయలేదు, తను కూడా. గుర్రం తననుంచి ఏమీ లాక్కోలేదు.

బకెట్లు యజమాని కాళ్ల ముందు దించింది.

“రేపు నాకు స్కానింగు చేయించండయ్యా. అందాకా ఇవి మీరే మోయండి.”