ఇద్దరికీ ఒకే అంకె

భార్య మూత్రం దొంగిలించడానికి సెయిజోకు గట్టిగా ఐదు నిమిషాల వ్యవధి ఉంది.

తొమె వాకిట్లో మంచు ఎత్తిపోస్తోంది. పార చప్పుడు వినిపిస్తున్నంతసేపూ భయం లేదు. వాష్‌బేసిన్ పక్క అరలో, కాగితం సంచిలో, ఆమె పేరు రాసిన ప్లాస్టిక్ సీసా నిండుగా ఉంది. పక్కనే అతని సీసా, ఖాళీగా. ఎనిమిదింటికల్లా రెండూ వార్డు హాల్లో అప్పగించాలి. మనిషి రోజుకు ఎంత ఉప్పు తింటున్నాడో అందులోంచి పట్టేస్తారు.

ఈ అవస్థంతా కిందటేడు ఆపిల్ కోతల్లో మొదలైంది. నిచ్చెన మీద ఉండగా సెయిజో కుడిచెయ్యి ఉన్నట్టుండి చచ్చుపడింది. గంటలో మళ్ళీ మామూలైంది కానీ, డాక్టరు మాత్రం మొహమాటపడలేదు.

"బీపీ పైనే ఉంది, షుగరూ పైనే ఉంది. ఉప్పు ఆరు గ్రాములు దాటిందా, ఈసారి నా దగ్గరికి నడిచి రావు, మోసుకొస్తారు."

ఉప్పు తిండికి పేరుపడ్డ త్సుగరు ప్రాంతంలో పుట్టినవాడికి ఆరు గ్రాములు పొద్దుటి ఊరగాయలకే చాలవు. పైగా తొమె ఆ వార్డులో ఉప్పు తగ్గింపు మహిళా బృందానికి నాయకురాలు. మర్నాటికల్లా ఇంట్లో సోయా సాస్ సీసా మాయమైంది. ఉప్పటి సోయా ముద్దతో కాచే మిసో చారు వేడినీళ్ళకు మిసో పేరు చెప్పి దించినట్టు తయారైంది. తొమె ఎదురుగా కూర్చుని అదే చారును కిక్కురుమనకుండా తాగేది. ఆ నిష్ఠ చూసి సెయిజోకు ఒళ్ళు మండేది.

అతనివల్ల కాలేదు. కొట్టంలో ఆపిల్ పెట్టెల వెనక ఉప్పులో ఊరిన చేపగుడ్ల జాడీ దాచాడు. గురువారం గురువారం స్టేషన్ దగ్గర రామెన్ నూడుల్స్ తిని, గిన్నె రెండు చేతులా ఎత్తి చారు ఆఖరి బొట్టు దాకా తాగేవాడు.

"ఈసారి పది దాటిందంటే మా చెల్లెలింటికి పోతా. నీ బీపీతో నువ్వు కాపురం చేసుకో," అని తొమె ముందే చెప్పేసింది. నలభై రెండేళ్ళలో ఆమె చెప్పి చేయని పని లేదు.

అందుకే ఇప్పుడు ఆమె సీసాలోంచి సగం తన సీసాలోకి ఒంపుకున్నాడు. రెండూ సీసా మీది కొలత గీత కిందికి దిగాయి. కొళాయి తిప్పి రెంటిలోనూ గీత దాకా నీళ్ళు పట్టాడు. నీళ్ళలో ఉప్పుండదుగా, ఇంకా మంచిదే అనుకున్నాడు. మూతలు బిగిస్తుంటే పార చప్పుడు ఆగింది.

"ఏమయ్యా, అయిందా? ఇంకెంతసేపు?" గుమ్మంలోంచి కేకేసింది తొమె.

"అయిందే. వయసొచ్చింది, ఆ మాత్రం పట్టదూ?"

పది రోజుల తర్వాత నరుమి గారు ఇంటికి వచ్చింది. ఊరి ఆరోగ్య నర్సు. ఎవరింటికి వెళ్ళినా పొయ్యి మీద గిన్నె మూత తీసి, ఉప్పు కొలిచే పుల్ల ముంచి చూస్తుంది. ఆవిడ ఇంట్లో ఉప్పు డబ్బాయే లేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆవిడ వీధిలో కనిపిస్తే మగవాళ్ళు ఊరగాయ పొట్లం చొక్కాలో దాచుకుంటారు.

బల్ల మీద రెండు కాగితాలు పరిచింది.

"సెయిజో గారూ, రోజుకు పదిహేడు పాయింట్ రెండు గ్రాములు."

సెయిజో కాగితం తనవైపు లాక్కుని చూశాడు.

"తొమె గారూ, మీదీ పదిహేడు పాయింట్ రెండు. సీసాలోది నీళ్ళలా పలచగా ఉన్నా ఈ పరీక్షలో లెక్క తప్పదు. మా ఆఫీసువాళ్ళవి ఇంకా రాలేదు గానీ, పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి అంకె చూడలేదు. మీరు తింటున్నది అన్నమా, సముద్రమా? గుండెకు ఎలా ఉంటుందనుకున్నారు? నాయకురాలింట్లోనే ఇలాగైతే మిగతావాళ్ళకి నేనేం చెప్పను?"

తొమె తల ఎత్తలేదు. చాపకు అతుక్కుపోయినట్టు కూర్చుంది. నర్సు మరో అరగంట చీవాట్లు పెట్టి, చారు గిన్నెలో పుల్ల ముంచి చూసి, అంకె అంత తక్కువుండడం చూసి ఆశ్చర్యపోయి, మంచు బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

తలుపు మూతపడగానే సెయిజో గయ్యిమన్నాడు.

"ఏడాది పాటు నాకు గంజినీళ్ళు పోసి, చాటున నువ్వు ఏం మెక్కావే? ఎదురుగా కూర్చుని ఆ నాటకం ఏమిటి? సిగ్గులేదూ!"

"నీకూ అంతే వచ్చిందిగా! ముందు నీ సంగతి చెప్పు."

"నాది కాదది! నీ సీసాలోంచి ఒంపుకున్నా. ఆ రెండు పదిహేడులూ నీవే!"

తొమె అతని వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె మెల్లగా కళ్ళొత్తుకుంది.

"ఉప్పు తగ్గించే వంటల క్లాసు అయ్యేసరికి ఆకలి దహించుకుపోతుందయ్యా. పదకొండు మందిమీ కలిసి రామెన్‌కి పోతాం. చారు వదలం. నాకెంత వస్తుందో నాకు తెలుసు. నీ చెయ్యి పడిపోయిన రోజు నుంచీ మానేద్దామనే అనుకుంటున్నా, మానలేకపోయా. నాయకురాలిని, పరువు పోతుంది. అందుకని నేనూ..."

"నువ్వూ?"

"ఆ సీసాలోది నాది కాదు."

సెయిజో చతికిలబడ్డాడు. "మరెవరిదే?"

తొమె కిటికీ వైపు చూసింది. మంచులో ఆ బూట్ల జాడ పక్కింటి గుమ్మం దాకా పోయింది. అక్కడ మరొకరికి చీవాట్లు మొదలైనట్టున్నాయి, గొంతు ఇక్కడికి వినిపిస్తోంది.

"ముందురోజు సాయంత్రం ఆరోగ్య ఆఫీసువాళ్ళు తమ సీసాలు ఇచ్చి వెళ్ళారు. హాల్లో కాపలా నాదే. ఉన్నవాటిలోకి నిష్ఠగల మనిషిది చూసి, నరుమి గారి సీసాలోంచి పోసుకున్నా."