గోడవతలి గురువు

“పెండ్లి పాటల గూడ నీ గిటారు ఏడుస్తనే ఉంటది. ఇంకెన్నేండ్లు వాయిస్తవ్‌రా ఆ బ్లూసు?”

ఆర్కెస్ట్రా నడిపే జగదీష్ రిహార్సల్ మధ్యలో అందరి ముందే అనేశాడు. “భద్రాచలం ప్రోగ్రాంల కొత్తగ ఏమన్న వాయించు. లేకుంటే సోలోలన్నీ కీబోర్డుకే.”

రవీందర్ మొహం మాడిపోయింది. కుర్రతనంలో వీడియోలు చూసి పట్టిన బ్లూసు, అంటే ఆ అమెరికా విషాద సంగీతపు స్వరాలు ఐదే ఐదు. ఏ పాటొచ్చినా వాటిలోనే గిరగిరా తిరగడం, చివర తీగ లాగి మూలిగించడం. అంతకు మించి చెయ్యి కదలదు. సోలో కూడా పోతే ఆర్కెస్ట్రాలో అతనికి మిగిలేది మూల కుర్చీయే.

ఆ సాయంత్రం టేకులపల్లిలో, కొత్తగా కిరాయికి దిగిన ఇంట్లో, పాత వరసే ఒకటి వాయించి విసుగ్గా ఆపేశాడు. అప్పుడే వెనక గోడ అవతల ఇంకో గిటారు పలికింది.

మొదలు అచ్చం అతని వరసే. సగంలో, ఆ ఐదింటిలో లేని స్వరం ఒకటి పడింది. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఎక్కడో కింది స్వరంలో ఎత్తుకుని, ఒక్క గెంతులో పైస్వరాన్ని అందుకుంది ఆ గిటారు. తీగ లాగి మూలిగించడం మాత్రం ఎక్కడా లేదు.

“విన్నవా వనజా? నా వరసనే తీస్కొని ఎట్ల తిప్పిండో! నడుమ గట్ల ఆగాలంటే గుండె ఉండాలె.”

“గంత పెద్దాయనైతే పోయి అడగరాదు? వెనక గల్లీనే గద,” అంది భార్య.

“ఏం మొహం పెట్టుకొని పోవాలె? నా తప్పులు జూపిస్తుండు ఆయన. ముందు నేర్వనీ.”

అదే రోజువారీ పాఠమైపోయింది. రవీందర్ వాయించి ఆపగానే అవతలి నుంచి జవాబు వచ్చేది. అదే వరస నాలుగుసార్లు పలికితే నాలుగు దారులు పట్టేది. ఆ ఊహాశక్తికి రవీందర్ గోడకేసి దండం పెట్టుకునేవాడు. పాట వెనక కలిసి మోగే స్వరాల గుత్తి, అదే కార్డ్, మారిన చోట ఎక్కడ వాలితే ఐదింటికి బయటి ఆ స్వరం తియ్యగా పలుకుతుందో పట్టుబట్టి వెతికాడు. స్వరాల మధ్య ఖాళీ వదలడం, ధైర్యంగా దూరానికి దూకడం సాధన చేశాడు.

భద్రాచలంలో అతని సోలో ముగిసేసరికి జనం ఈలలు ఆపలేదు. జగదీష్ స్టేజీ మీదే వాటేసుకున్నాడు.

“ఏడ నేర్చినవ్‌రా గిది?”

“మా గోడవతల గురువున్నడన్నా.”

మర్నాడు శాలువా, స్వీటు డబ్బా పట్టుకుని వెనక గల్లీకి వెళ్లాడు. దవాఖానాలో నర్సుగా చేసే శారద తలుపు తీసింది. ఆమె వెనక కుర్చీలో గిటారు కనిపించింది.

“ఇది వాయించేది...”

“నేనే సార్.”

ఇన్నాళ్లూ గురువును మగవాడనుకున్నందుకు రవీందర్ సిగ్గుపడ్డాడు. శాలువా ఆమె చేతుల్లో పెట్టి, వంగి కాళ్లకు మొక్కబోయాడు. ఆమె కంగారుగా వెనక్కి జరిగింది.

“అయ్యో, మీరు నాకు మొక్కుడేంది సార్?”

“రోజూ నా వరసకు జవాబిచ్చి నన్ను మనిషిని జేసిన్రు మేడం. గిసొంటి చెయ్యి నేనెన్నడు వినలే.”

శారద శాలువా వైపు, అతని వైపు అయోమయంగా చూసి, గొంతు తగ్గించింది.

“మీరు వాయించిందే వాయిద్దామని జూస్తున్న సార్, ఒక్కనాడు గూడ సక్కగ రాలే.”