బంతి నీదే

బాస్కెట్‌బాల్ జట్టులో ఖాళీగా ఉన్న పవర్ ఫార్వర్డ్ చోటు ఒక్కటే. పోటీలో ఇద్దరు కుర్రాళ్లు, అందరూ నిచ్చెన, బండ అని పిలిచేవాళ్లు. ఇద్దర్నీ పోల్చి పోల్చి కోచ్‌కి విసుగొచ్చింది.

"ఇవాళ బంతి లాక్కున్నవాడే ఉంటాడు," అన్నాడు.

రింగుకు తగిలిన బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చింది. "నాది!" అని అరిచి ఎగరాలి. ఆ ఆటలో ఇంకో మాట లేదు.

"నీదే!" అని అరిచారు ఇద్దరూ. బంతి నేలమీద పడింది.

"త్యాగమూర్తులు! ఇద్దరూ సంచులు సర్దుకోండి," అన్నాడు కోచ్.

గదిలో బెంచీమీద కూలబడి బండ కస్సుమన్నాడు. "ఎగరొచ్చుగా బావా! చోటు నీకొచ్చేది."

"మోకాలు పోయిందిరా. ఎవరికీ చెప్పలేదు. మరి నువ్వెందుకు ఎగరలేదు?"

బండ తన మోకాలి పట్టీ కిందికి లాగి వాపు చూపించాడు.

"ముందు నన్ను లేపు బావా," అని చెయ్యి చాచాడు.